ముందు టేపు పట్టుకుని గది కొలవండి

ప్రశ్న: మాస్టారూ, మా అన్నయ్య ఉద్యోగానికి దుబాయ్ వెళ్తూ తన కానన్ 1500డి కెమెరా నాకు వదిలేశాడు. దాంతో వచ్చిన 18-55 లెన్సు ఒక్కటే ఉంది. ఈ కార్తీకంలో మా అమ్మమ్మకి ఎనభై ఏళ్లు నిండుతాయి. ఆవిడది ఒక మంచి ఫోటో నా చేత్తో తీసి, పెద్దది చేయించి హాల్లో పెట్టాలని కోరిక. ఇప్పుడున్న లెన్సుతో ఇంట్లో తీస్తే మొహం అంతా చుక్కలు చుక్కలుగా వస్తోంది, వెనక గోడమీది క్యాలెండరు మాత్రం తిథులతో సహా చదువుకోవచ్చు. ట్యూషన్లు చెప్పి పన్నెండు వేలు దాచాను. షాపులో అడిగితే "పోర్ట్రెయిట్ అంటే 85 అండీ, తక్కినవన్నీ దండగ" అన్నారు. ధర వింటే గుండె గుభేలుమంది. అప్పు చేసైనా అదే కొనమంటారా, 50 తీసుకోమంటారా, పాతది ఎవరి దగ్గరైనా చూడమంటారా? లెన్సుకి యూవీ ఫిల్టరు తప్పనిసరా?
ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అప్పు మాత్రం చేయకండి అమ్మా. మీ కెమెరాకీ, మీ ఇంటికీ, మీ పన్నెండు వేలకీ సరిపోయేది కానన్ ఈఎఫ్ 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. కొత్తది పదివేలకి అటూ ఇటూగా దొరుకుతుంది, పండగ ఆఫర్లలో ఇంకాస్త దిగుతుంది. షాపులో చెప్పిన 85 దీనికి మూడు నాలుగు రెట్లు. జవాబు ఇంతటితో అయిపోయినట్టే. కానీ ఎందుకో తెలియకుండా కొంటే రేపు ఇంకో షాపాయన ఇంకో మాట చెప్తాడు, మీరు మళ్లీ ఉత్తరం రాస్తారు. అందుకని కాస్త కూర్చుని మాట్లాడుకుందాం.

షాపాయన అన్నది అబద్ధమేం కాదు. 50, 85 అన్నవి లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదో చెప్పే అంకెలు, అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే మేర తగ్గి మనిషి దగ్గరగా కనబడతాడు. 85 అన్న మాట ఫిల్ము రోజుల్లోంచి వచ్చింది. ఆ ఫిల్ము ఫ్రేము వెడల్పు 36 మిల్లీమీటర్లు. మీ 1500డి లోపల ఫిల్ముకి బదులు బొమ్మని పట్టే సెన్సారు వెడల్పు 22.3 మిల్లీమీటర్లే. ఒకే లెన్సు తగిలించినా మీ కెమెరా చుట్టూతా అంచులు కోసేసి మధ్య ముక్కే తీసుకుంటుంది. కానన్‌లో ఈ సైజు సెన్సారుకి లెక్క 1.6. యాభైని దాంతో గుణిస్తే 80. పెద్ద సెన్సారు కెమెరా వాళ్లు 85తో చూసే మేర మీకు 50తోనే దాదాపు వచ్చేస్తుంది. 85 కొన్నారనుకోండి, అది మీ చేతిలో 136లా పనిచేస్తుంది. కాలేజీ గ్రౌండులో బాగుంటుంది. ఇంట్లో?

ఇక్కడే టేపు కావాలి. బట్టలు కుట్టే టేపైనా సరే. అమ్మమ్మగారిని ఏ గదిలో కూర్చోబెట్టి తీద్దామనుకుంటున్నారో ఆ గది పొడవు కొలవండి. మీ కెమెరాకి 50 తగిలించి నిలువుగా పట్టుకుంటే తల, భుజాలు ఫ్రేములో నిండటానికి మీరు నాలుగున్నర అడుగుల దూరంలో నిలబడాలి. కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టుకున్న చేతుల దాకా రావాలంటే ఏడున్నర అడుగులు. మనిషి నిలువెత్తుగా రావాలంటే పదిహేను అడుగులు. అదే 85 అయితే ఈ మూడు దూరాలూ వరసగా ఏడున్నర, పన్నెండున్నర, పాతిక అడుగులు. ఇది మనిషికీ కెమెరాకీ మధ్య దూరం మాత్రమే. కెమెరా వెనక మీరు నిలబడటానికి అడుగున్నర, అమ్మమ్మగారి వెనక గోడ దూరంగా ఉండటానికి కనీసం మూడు అడుగులు వేసుకోండి. మన ఇళ్లలో పది బై పన్నెండు గదే ఎక్కువ. 50తో చేతుల దాకా తీస్తే ఏడున్నర, మూడు, ఒకటిన్నర కలిపి సరిగ్గా పన్నెండు. మీ వీపు గోడకి ఆనుతుంది, కానీ ఫోటో వస్తుంది. 85తో అదే ఫోటోకి మీరు పక్కింట్లో నిలబడాలి.

నవ్వులాటకి అనడం లేదు, నేను పడ్డాను ఆ పాట్లు. స్టూడియోలో చేరిన కొత్తలో చీటీ పాడి మరీ 85 కొన్నాను. నా కెమెరా కూడా మీ దానిలాగే చిన్న సెన్సారుది. మొదటి పని ఒక సీమంతం. హాలు పన్నెండు అడుగులుంటుందేమో. అమ్మాయిని పీటమీద కూర్చోబెట్టారు, పేరంటాళ్లు చేతుల నిండా గాజులు తొడుగుతున్నారు. నేను ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాను. వీపుకి ఫ్రిజ్ తగిలింది. పక్కకి జరిగి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఇంకాస్త వెనక్కి, గుమ్మం దాటి స్టవ్ దాకా వెళ్లాను. పులిహోర గిన్నె పట్టుకుని నా వెనక నిలబడ్డ పెద్దావిడ "బాబూ, నువ్వు ఫోటో తీస్తావా, పోపు పెడతావా?" అంది. సీమంతమంటే గాజులే కదా. ఆ రోజు నేను తీసిన వాటిలో మొహం ఎంతో అందంగా ఉంది, గాజులు ఒక్కదాంట్లోనూ లేవు. తర్వాత వారం అరువు తెచ్చిన 50తో ఇంకో ఫంక్షన్ చేశాక గాని నాకు ప్రాణం కుదుటపడలేదు.

మరి దగ్గరికే వెళ్తే పోలా, 24 లాంటి లెన్సు చవగ్గా ఉంది కదా అని మీకు ఎవరో ఒకరు చెప్తారు. మీ కెమెరాకి 24 ఎం.ఎం. ఎఫ్ 2.8 పల్చటి లెన్సొకటి ఉంది, గ్రూపు ఫోటోలకీ వంటింట్లో తీయడానికీ ముచ్చటైనది. మొహానికి మాత్రం వద్దు. తల, భుజాలు నిండాలంటే దాంతో రెండడుగుల్లోకి వెళ్లాలి. ముక్కు కొస నుంచి చెవి దాకా అయిదంగుళాలు అనుకోండి. రెండడుగుల దూరం నుంచి చూస్తే ముక్కు మీకు 24 అంగుళాల్లో, చెవి 29 అంగుళాల్లో ఉన్నట్టు. ముక్కు చెవికన్నా అయిదో వంతు పెద్దగా పడుతుంది. నాలుగున్నర అడుగుల నుంచి తీస్తే ఆ తేడా పదో వంతుకన్నా తక్కువ. సెల్ఫీలో ముక్కు బండగా కనబడేది ఇందుకే, ఫోను తప్పేం లేదు, చెయ్యి అంతకన్నా చాచలేం. మొహం తీరు మారేది దూరం వల్ల. లెన్సు చేసేదల్లా ఆ దూరం నుంచి ఎంత మేర ఫ్రేములో పట్టాలో తేల్చడమే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే లెన్సుల ప్రకటనలు సగం చదవక్కర్లేదు.

ఇక ఆ చుక్కల సంగతి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు నోరు అంత పెద్దగా తెరుచుకున్నట్టు. మీ 18-55ని చివరిదాకా తిప్పితే దాని నోరు ఎఫ్ 5.6కన్నా ఎక్కువ తెరుచుకోదు. అంటే వెలుతురు దూరే కన్నం అడ్డంగా తొమ్మిది పది మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. 50 ఎఫ్ 1.8 పూర్తిగా తెరిస్తే దాదాపు 28 మిల్లీమీటర్లు, మన పదిరూపాయల బిళ్ల అంత. గుండీనీ బిళ్లనూ పక్కపక్కన పెట్టి చూడండి, దాదాపు పదిరెట్ల వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిపోతుంది. చాలని వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె ఐఎస్‌ఓ, అది పెరిగితే చుక్కలూ పెరుగుతాయి. ట్యూబులైటు కింద మీ కెమెరాతో వచ్చిన కిట్ లెన్సుకి ఐఎస్‌ఓ 6400 కావాల్సిన చోట దీనికి 640 సరిపోతుంది. చుక్కలు అక్కడే పోతాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ కిట్ లెన్సులో చేతి వణుకుని ఆపే ఏర్పాటు ఉంది, ఈ 50లో లేదు. షట్టరు స్పీడు 125వ వంతు సెకనుకన్నా కిందికి దించకండి.

నిఫ్టీ ఫిఫ్టీ అని ముద్దుగా పిలిచే ఈ 50 చేతికొచ్చిన ప్రతివాడూ మొదటి నెలంతా 1.8లోనే తీస్తాడు. డబ్బు పెట్టింది దానికే కదా అని. నాలుగున్నర అడుగుల్లో 1.8 పెడితే స్పష్టంగా వచ్చే మందం రెండంగుళాలు మాత్రమే. అందులో సగం ఫోకస్ పడ్డ చోటికి ముందు, సగం వెనక. ఇప్పుడు మీ అమ్మమ్మగారిని తల్చుకోండి. ముక్కుపుడక ఉందనుకుందాం. ఆ రాయి తళుక్కుమంటుంది, కెమెరా ఫోకస్ పోయి దానిమీద కూర్చుంటుంది. పుడక రాయి పలకలు లెక్కపెట్టొచ్చు, కళ్లు మెత్తబడతాయి, చెవి జూకాలు మబ్బులో కలుస్తాయి. స్క్రీన్ చిన్నది కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది. కంప్యూటర్లో పెద్దది చేశాక ఏడుపొస్తుంది. అందుకని ఎఫ్ 2.8 పెట్టండి, మందం మూడంగుళాలు దాటుతుంది. చేతుల దాకా తీసేటప్పుడు దూరం ఏడున్నర అడుగులు కాబట్టి అదే 2.8కి తొమ్మిదంగుళాలు దాకా వస్తుంది, కళ్లూ పుడకా జూకాలూ అన్నీ దక్కుతాయి. పైగా ఈ లెన్సు 1.8లో కాస్త మెత్తగా ఉండి 2.8కి వచ్చేసరికి గట్టిపడుతుంది.

మీ కెమెరాలో ఫోకస్ చుక్కలు తొమ్మిది. వాటిలో మధ్యదే నమ్మకమైనది. అన్నీ కలిపి కెమెరాకి వదిలేయకుండా ఆ మధ్య చుక్క ఒక్కదాన్నే ఎంచుకుని, మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. ఇంకా మంచిది, కెమెరా స్టాండు మీదో కుర్చీ వీపు మీదో ఆనించి, వెనక తెర మీద బొమ్మ చూపించే లైవ్ వ్యూ పెట్టండి. కంటిని పదిరెట్లు పెద్దది చేసి చూసుకుని, ఫోకస్ సరిచూసి అప్పుడు నొక్కండి. పెద్దవాళ్లు పిల్లల్లా కదలరు కాబట్టి ఇది కుదురుతుంది.

క్యాలెండరు సంగతి చెప్పలేదు కదూ. గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి వెనక గోడని ఏ లెన్సూ మాయం చేయలేదు. అసలు గోడ దగ్గరికే వెళ్లకండి. మీ ఇంటికి వీధి గుమ్మం ఉంటుంది, ముందు వరండాయో అరుగో ఉంటుంది. ఎండ నేరుగా పడని వేళ చూసుకుని, గుమ్మానికి లోపల రెండడుగుల దూరంలో కుర్చీ వేసి అమ్మమ్మగారిని వీధి వైపు తిప్పి కూర్చోబెట్టండి. మీరు వరండాలో నిలబడండి. హాల్లో లైట్లన్నీ ఆర్పేయండి. తలుపులోంచి వచ్చే మెత్తటి వెలుతురు మొహం మీద పడుతుంది, వెనక హాలు పదిహేనడుగుల లోతు చీకటైపోతుంది. క్యాలెండరు ఉన్నా కనబడదు. 2.8, 160వ వంతు సెకను, ఐఎస్‌ఓ రెండు మూడు వందల్లో పని అయిపోతుంది. కళ్లజోడు ఉంటే అద్దాల్లో తలుపు తెల్లగా మెరుస్తుంది. కాడల్ని చెవుల మీద అర అంగుళం పైకి లేపండి, అద్దాలు కిందికి వాలి ఆ మెరుపు తప్పుకుంటుంది. కళ్లజోడు తీసేయమనకండి. ముప్పై ఏళ్లు పెట్టుకున్న మనిషి అది లేకుండా తన మొహం తానే గుర్తుపట్టదు.

నిజం చెప్పాలంటే ఈ గుమ్మం దగ్గర మీ కిట్ లెన్సు కూడా పనిచేస్తుంది. అందుకే కొనేముందు ఒక వారం పరీక్ష పెట్టుకోండి. దాన్ని 55 దాకా తిప్పి, కొంచెం వెనక్కి తెచ్చి, ఒక ఫోటో తీసి వివరాల్లో 50 అని పడిందో లేదో చూడండి. పడితే ఆ రింగు కదలకుండా సెల్లో టేపు చుట్టేయండి. వారం రోజులు అమ్మనీ, పిన్నినీ, ట్యూషను పిల్లల్నీ దాంతోనే తీయండి. వెనక్కి వెళ్లడానికి చోటు చాలక విసుక్కున్నారా, చాలినంత ఉందా అన్నది మీ కాళ్లే చెప్తాయి. ఎవరి మాటా వినక్కర్లేదు.

పాతది కొనడం గురించి. కొత్తదానికీ పాతదానికీ మూడు వేల తేడా కూడా లేకపోతే కొత్తదే తీసుకోండి, వారంటీ ఉంటుంది. పాతది చూస్తే ఒక సంగతి గమనించండి. ఇదే కొలతల్లో 1990లో వచ్చిన రెండో రకం ఇంకా చేతులు మారుతూనే ఉంది. కెమెరాకి తగిలించే చోటు ప్లాస్టిక్‌ది, ఫోకస్ అయ్యేటప్పుడు గర్రుమంటుంది, కన్నాన్ని పెద్దదీ చిన్నదీ చేసే లోపలి రెక్కలు అయిదే కాబట్టి వెనకాల దీపాలు అయిదు మూలల పలకల్లా పడతాయి. 2015లో వచ్చిన ఎస్‌టీఎంకి లోహపు మౌంటు, ఏడు రెక్కలు, చప్పుడు తక్కువ, 35 సెంటీమీటర్ల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుంది. పేరు చివర ఎస్‌టీఎం అని ఉందో లేదో చూసి కొనండి. బరువు నూట అరవై గ్రాములే, జేబులో పడేసుకోవచ్చు.

పాత లెన్సు చేతిలోకి తీసుకోగానే ఫోను టార్చి వేసి వెనక నుంచి వెలుతురు పంపి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి పోగులు కనబడితే అది ఫంగస్, ఎంత చవకైనా వద్దు. నాలుగు దుమ్ము రవ్వలుంటే పట్టించుకోకండి. మీ కెమెరా తీసుకెళ్లి తగిలించి, దగ్గరికీ దూరానికీ పదిసార్లు ఫోకస్ చేయించండి. ఈ లెన్సు ముందు గొట్టం ఫోకస్ చేసేటప్పుడు బయటికి వస్తుంది. అలా బయటికి ఉన్నప్పుడు దేనికైనా కొట్టుకుంటే లోపలి భాగం దెబ్బతింటుంది. గొట్టం వంకరగా కదులుతున్నా, మధ్యలో పట్టేస్తున్నా తిరిగి ఇచ్చేయండి. మీ చేతికొచ్చాక కూడా కెమెరా ఆపేముందు దాన్ని లోపలికి పంపేయడం అలవాటు చేసుకోండి. కెమెరా ఆపేశాక రింగు ఎంత తిప్పినా అది కదలదు. హైదరాబాద్ వెళ్లే పనుంటే కోఠీలో కెమెరా దుకాణాల వాళ్ల దగ్గర పాతవి చూడొచ్చు, చేత్తో పట్టుకుని చూడకుండా మాత్రం డబ్బు పంపకండి.

కాకినాడ కాబట్టి ఇంకో మాట. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో లెన్సుని తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమంటే ఫంగస్‌ని పిలిచి పీట వేయడమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, అడుగున సిలికా జెల్ పొట్లాలు పరిచి అందులో పెట్టండి. వారానికోసారైనా తీసి వాడండి.

సోవియట్ కాలపు హేలియోస్ 44-2 లాంటి పాత లెన్సులు అడాప్టరుతో మీ కెమెరాకి తగులుతాయి, వెనకాల ఆకులు సుడి తిరిగినట్టు పడతాయి, చూడటానికి మహా సరదా. కానీ ఫోకస్ అంతా చేత్తోనే. మీ కెమెరా కంటిరంధ్రం చిన్నది, అందులోంచి కన్ను ఫోకస్ అయ్యిందో రెప్ప అయ్యిందో తెలియదు. రెండేళ్లాగి చూద్దురుగాని.

ఇదే ప్రశ్న వేరే కెమెరాల వాళ్లూ అడుగుతుంటారు. నికాన్ డీ3000, డీ5000 వరసల వాళ్లు 50 ఎఫ్ 1.8 కొనేటప్పుడు చివర జి అని ఉన్నది అడగండి. డి అని ఉన్నది చవక, కానీ మీ కెమెరా బాడీలో మోటారు లేదు కాబట్టి ఆటోఫోకస్ పనిచేయదు. సోనీ చిన్న సెన్సారు కెమెరాలకి 50 ఎఫ్ 1.8 ఓఎస్ఎస్ ఉంది, దాంట్లో వణుకు ఆపే ఏర్పాటూ ఉంది. మీ విషయానికొస్తే, కానన్ కొత్త లెన్సులన్నీ ఇప్పుడు ఆర్‌ఎఫ్ మౌంటుకే వస్తున్నాయి. రేపు మీరు ఆ మౌంటు ఉండే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరా కొన్నా కానన్ అడాప్టరుతో ఈ 50 దానికీ తగులుతుంది, కాబట్టి డబ్బు మునిగిపోయిందని భయపడక్కర్లేదు.

యూవీ ఫిల్టరు తప్పనిసరి ఏం కాదు. ఫిల్ముకి దానివల్ల కొంత ఉపయోగం ఉండేది. డిజిటల్ కెమెరా సెన్సారు ముందు ఆ కిరణాలని ఆపే గాజు ఎలాగూ ఉంటుంది. మూడు వందల ఫిల్టరు బిగించి కార్తీక దీపాలు తీశారనుకోండి, ప్రతి దీపానికీ ఎదురుగా ఆకుపచ్చ దయ్యం దీపం ఒకటి తేలుతుంది. దాని బదులు ఈఎస్-68 అనే హుడ్డు తగిలించండి. పక్క వెలుతురుని ఆపుతుంది, ఆ బయటికొచ్చే గొట్టానికి దెబ్బ తగలకుండా కాస్తుంది. ఎప్పుడైనా ఫిల్టరు కావాలంటే సైజు 49.

లెన్సుకి పోగా మిగిలిన డబ్బు ప్రింటుకి దాచండి. మీ కెమెరా 24 మెగాపిక్సెళ్లది, కత్తిరించకుండా ఇస్తే 12 బై 18 అంగుళాలకి చక్కగా వస్తుంది. మెరిసే కాగితం వద్దు, మ్యాట్ అని అడగండి. స్టూడియోలో ఉన్నన్నాళ్లూ నా దగ్గరికి పెద్దవాళ్ల ఫోటో పెద్దది చేయించడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఏ పెళ్లి గ్రూపు ఫోటోనో, రేషను కార్డు ఫోటోనో పట్టుకుని పెద్దకర్మ రోజుల్లో వచ్చినవాళ్లే. గ్రూపులోంచి మొహం కోసి, పక్కవాళ్ల భుజం చెరిపి, లేని పట్టుచీర గీసి ఇచ్చేవాళ్లం. ఎదురుగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, నవ్వించి తీసిన ఫోటో తెచ్చినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతే. మీరు ఫ్రేము కట్టించడానికి వెళ్లినప్పుడు, పెద్దావిడ ఫోటో చూడగానే కొట్టతను గంధపు దండ కూడా తీసి కౌంటరు మీద పెడతాడు. అదేం వద్దు, ఆవిడ ఇంట్లో కూర్చుని ఫోటో కోసం ఎదురుచూస్తోందని చెప్పండి.